ప్రాణనష్టం లేదండి

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి అది. అప్పటికి నేను దెందులూరు దగ్గర ఒక సబ్‌స్టేషన్ కింద లైన్‌మేన్‌ని. నా పరిధిలో హైవేకి ఇటుపక్క మెరక ఊళ్లు, అటుపక్క కొల్లేరు వైపు దిగిపోయే పల్లపు ఊళ్లు ఉండేవి. మెరకన మొక్కజొన్న, పామాయిల్. పల్లంలో వరి, వరిని కొంచెం కొంచెంగా మింగేస్తూ చేపల చెరువులు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో స్తంభం ఎక్కి చూస్తే కనుచూపుమేర ఆకుపచ్చగా ఉండేది. ఇప్పుడు ఎండలో ఆ నేలంతా రేకు పరిచినట్టు మెరుస్తుంది. మధ్యమధ్యలో పొడుగాటి కోళ్ల షెడ్లు.

మా పని గురించి బయటివాళ్లకి తెలిసేది తక్కువ. కరెంటు పోతే తిట్టడానికి ఫోన్ చేస్తారు, వచ్చాక మర్చిపోతారు. అందులో తప్పేం లేదు, నేనూ మా ఇంట్లో అంతే. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ల మీదికి వెళ్లే పదకొండు వేల వోల్టుల లైన్‌ని ఫీడర్ అంటాం. ఒక ఫీడర్ మీద ఇళ్లుంటాయి, మంచినీళ్ల ట్యాంకు మోటారు ఉంటుంది, రైస్ మిల్లు ఉంటుంది, చెరువుల్లో గాలి చిలికే ఏరేటర్లుంటాయి. ఎక్కడ తీగ తెగినా అందరికీ ఒకేసారి పోతుంది. బాగుచెయ్యాలంటే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర లైన్ క్లియర్ తీసుకోవాలి. అంటే, "ఈ లైన్ ఆపేశాను, మీరు ఎక్కొచ్చు" అన్న మాట. ఆ మాట రాకుండా స్తంభం మీద చెయ్యి వేసినవాడు కిందికి నడిచి దిగడు.

నా ఫీడర్లలో ఒకటి ఒక ఊరి పొలిమేరలో రెండుగా చీలేది. ఒక కొమ్మ ఊళ్లోకి, రెండోది పొలాల మీదుగా సూర్రావు గారి కోళ్ల షెడ్డుకి. ఊరి పేరు రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

సూర్రావు గారికి నా వయసే ఉంటుంది. నెమ్మదస్తుడు. కంపెనీవాళ్లు కోడిపిల్లలు, మేత, మందులు ఇస్తారు. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. ఆరేడు వారాలు తిరక్కుండా లారీ వచ్చి ఎదిగినవాటిని ఎత్తుకుపోతుంది, మళ్లీ కొత్త పిల్లలు దిగుతాయి. ఆయన భార్య నాగమణి గారు పొద్దున్నే ముక్కుకి గుడ్డ కట్టుకుని షెడ్డంతా తిరిగి, రాత్రి చచ్చినవాటిని ఏరి బయట పడేసేవారు. రోజూ కొన్ని చచ్చేవి. అది లెక్కలోదే అనేవారు.

అది ఈసీ షెడ్డు. పాతకాలపు షెడ్డులా పక్కల జాలీ ఉండదు. నాలుగువైపులా మూసేసి ఉంటుంది. ఒక చివర గోడంతా పెద్ద పెద్ద ఫ్యాన్లు, ఇంకో చివర తడి ప్యాడ్లు, మన ఎయిర్‌కూలర్‌లో గడ్డి లాంటివి. ఫ్యాన్లు లోపలి గాలిని బయటికి లాగుతుంటే, తడి ప్యాడ్లలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఆ గాలి ఆడుతున్నంతసేపే లోపల ప్రాణం. కాలు పెట్టడానికి చోటు లేనంత దగ్గరదగ్గరగా వేలకొద్దీ కోళ్లు. బలిసిన రొమ్ము బరువుకి సరిగ్గా నిలబడలేక ఎక్కువసేపు కూర్చునే ఉండేవి. ఊళ్లో ఒక పేటంతా కలిసి వాడే కరెంటు ఆ ఒక్క షెడ్డు వాడేది.

మీటరు పెట్టడానికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన మురిసిపోతూ తిప్పి చూపించారు.

"బయట అగ్గి కురుస్తున్నా లోపలవాటికి తెలీదండీ. ఇంట్లో మాకే ఏసీ లేదు."

"కరెంటు పోతేనో?"

"ఆయ్, జనరేటర్ ఉందిగా అండీ."

ఆ మే నెలలో ఒకరోజు పొద్దున్నుంచీ గాలి బిగుసుకుపోయింది. ఇంకా రోహిణి కార్తె రాలేదు, అయినా రోడ్డు మీద తారు చెప్పుకి అంటుకుంటోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పడమటి దిక్కు నల్లబడింది. వాన అనుకున్నాం. ముందు దుమ్ము లేచింది, తర్వాత గాలి. రేకులు ఎగిరాయి, నిద్రగన్నేరు చెట్లు విరిగి రోడ్డుకి అడ్డంగా పడ్డాయి. నాలుగు చినుకులు రాలి అంతటితో ఆగిపోయింది. గాలి వెళ్లిపోయాక మబ్బు విచ్చి మళ్లీ ఎండ కాసింది. తడిసిన నేల మీద ఆ ఎండ పడితే ఉక్కపోత ఎలా ఉంటుందో ఈ ప్రాంతంవాళ్లకి చెప్పక్కర్లేదు. నీళ్లు కాగే గిన్నె మీద మూత పెట్టినట్టు.

ఫీడర్ ఆగిపోయింది. నేనూ, నా తోటి లైన్‌మేన్ వీర్రాజూ లైన్ వెంబడి నడుచుకుంటూ చూసుకుపోయాం. రెండుగా చీలే చోటికి వెళ్లేసరికి పరిస్థితి అర్థమైంది. ఊరి కొమ్మ మీద చెట్టు పడి తీగలు తెగాయి. షెడ్డు కొమ్మ మీద కూడా ఒకచోట తీగ తెగి చెరువు గట్టు మీద పడుంది. రెండూ సుమారుగా ఒకే పని, ఒక్కోదానికీ గంటకి పైనే పడుతుంది. ఉన్నది మేం ఇద్దరం. మిగతా ఊళ్లలోనూ స్తంభాలు కూలాయి కాబట్టి ఇంకో జట్టు రాదు.

ఇంతలో ఊళ్లోంచి ఫోన్ వచ్చింది. కరుణమ్మ టీచర్ గారి భర్త. ఆవిడ మిషన్ స్కూల్లో చిన్న తరగతులు చెప్పి రిటైరైన మనిషి. కరోనాలో ఊపిరితిత్తులు దెబ్బతిని, గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ మీద ఉన్నారు. ఆ మిషన్‌కి కరెంటు కావాలి.

"బాబూ, చిన్న సిలిండర్ పెట్టాను గానీ ముల్లు కిందికి దిగిపోతోంది. ఏలూరు నుంచి అంబులెన్స్ బయల్దేరింది, దారిలో చెట్లట. ఎంతసేపవుతుంది నాయనా?"

ఆయన గొంతులో తొందర లేదు. భయం బాగా ముదిరాక మనిషి అలాగే నెమ్మదిగా మాట్లాడతాడు.

మా ఏఈ గారికి, అంటే మా పై ఇంజినీరుకి, ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఒక్కమాటలో, "ముందు ఊరు చూడండి," అన్నారు. అనకపోయినా మేం అదే చేసేవాళ్లం. షెడ్డుకి జనరేటర్ ఉంది. దూరం నుంచి దాని చప్పుడు వినిపిస్తోంది కూడా.

లైన్ క్లియర్ తీసుకుని, కొమ్మలు నరికి, తీగ కిందికి దించి జాయింటు వేస్తున్నాం. నేను స్తంభం మీదున్నాను. కింద వీర్రాజు తాడు పట్టుకున్నాడు. చెమట కళ్లలోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అప్పుడు గమనించాను, జనరేటర్ చప్పుడు లేదు.

కాసేపటికి సూర్రావు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. దారిలో చెట్లు పడ్డాయని బండి వదిలేసి వచ్చినట్టున్నారు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"లైన్‌మేన్ గారూ! జనరేటర్ బెల్టు తెగిపోయిందండీ! మెకానిక్కు ఏలూరులో ఉన్నాడు, రాలేనంటున్నాడు. ముందు మా లైన్ చూడండి, దండం పెడతాను!"

కిందికి చూశాను. ఆయన నిజంగానే చేతులు జోడించి తల పైకెత్తి నిలబడ్డారు. స్తంభం మీదున్న మనిషికి అలా ఎవరైనా దండం పెడితే చాలా ఇబ్బందిగా ఉంటుంది.

"కోళ్లు నోళ్లు తెరిచేశాయండీ. రెక్కలు విడదీసి పడిపోతున్నాయి. ఇంకొంచెంసేపు ఆగితే ఒక్కటి మిగలదు. ఈ పక్కది తర్వాత చేసుకోవచ్చు గదా అండీ!"

"సూర్రావు గారూ, ఊళ్లో కరుణమ్మ టీచర్ గారు మిషన్ మీద ఉన్నారు. సిలిండర్ అయిపోవస్తోందట."

ఆయన జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. తర్వాత పక్కనున్న తూము గోడ మీద కూర్చుండిపోయారు.

"కరుణమ్మ గారా అండీ? నాకు పలక పట్టుకోవడం నేర్పింది ఆవిడేనండీ."

లేచి నిలబడ్డారు.

"అయితే అదే చూడండి ముందు. నేనెళ్లి గోడ రేకులు పీకేస్తాను. గాలాడితే ఎన్నో కొన్ని బతుకుతాయి."

వచ్చినంత వేగంగా వెనక్కి పరిగెత్తారు. వీర్రాజు నావైపు చూసి తల దించుకున్నాడు. చేతులు వేగంగా కదిపాం, అంతే.

షెడ్డు కొమ్మని చీలే చోట విడదీసి పెట్టి, లైన్ వదలమని సబ్‌స్టేషన్‌కి చెప్పాం. ఊళ్లోకి కరెంటు వెళ్లింది. కరుణమ్మ గారి భర్త ఫోన్ చేసి, "మిషన్ ఆడింది బాబూ," అని పెట్టేశారు. మేం నిచ్చెన భుజాన వేసుకుని చెరువు గట్టు మీదుగా అడ్డదారిన నడిచాం. షెడ్డు కొమ్మ తీగ కలిపి లైన్ చార్జ్ చేసేసరికి, అంటే కరెంటు వదిలేసరికి, పొద్దు వాలింది. ఫోన్ చేస్తే సూర్రావు గారు ఎత్తలేదు. పని అయిందని చెప్పి పోదామని షెడ్డుకి వెళ్లాం.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దూరం నుంచే తెలిసింది ఏదో తేడా ఉందని. అంతకుముందు ఎప్పుడు వెళ్లినా ఫ్యాన్ల చప్పుడు కింద ఇంకో చప్పుడుండేది, పెద్ద జనంలో గుసగుసల్లాంటిది. ఇప్పుడు ఫ్యాన్లొక్కటే. ఊరికే తిరుగుతున్నాయి.

ఒకవైపు గోడ రేకులు పీకేసి ఉన్నాయి. సూర్రావు గారి అరచేతులు కోసుకుపోయి నెత్తురు కారుతోంది, ఆయన చూసుకోలేదు. లోపల తెల్లగా, ఈ చివర నుంచి ఆ చివరకి. పక్కలకి ఒరిగిపోయి, ముక్కులు తెరుచుకుని. ప్యాడ్ల వైపు గోడ దగ్గర ఒకదాని మీద ఒకటి మోకాలెత్తున పేరుకుపోయాయి. చల్లగాలి వచ్చే వైపు అదేనని వాటికి తెలుసు. అటు తోసుకుంటూ వెళ్లి అక్కడే ఆగిపోయాయి. నేను కరెంటు షాక్ కొట్టిన మనుషుల్ని చూశాను, దించాను. అయినా ఆ గోడ దగ్గరికి వెళ్లలేకపోయాను.

నాగమణి గారు బయట కొబ్బరిచెట్ల కింద కూర్చుని ఉన్నారు. చుట్టూ కొన్ని బతికున్న కోళ్లు. తట్టలో పట్టినన్ని పట్టుకొచ్చి, తల మీద నీళ్లు చిలకరించి, నీడన పెట్టి మళ్లీ లోపలికి పరిగెత్తడం. మధ్యాహ్నం నుంచి అదే చేశారట. వాటిల్లోనూ కొన్ని అలా చూస్తుండగానే మెడ వాల్చేస్తున్నాయి. ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని గొంతు కింద వేలితో రాస్తున్నారు.

అప్పుడే నా ఫోన్ మోగింది. ఏఈ గారు.

"మొత్తం చార్జ్ అయిందా?"

"అయిందండి. రెండు కొమ్మలూ."

"తీగలు తెగి పడ్డాయి కదా, ఎవరైనా తొక్కడం అదీ... ప్రాణనష్టం ఏమైనా ఉందా?"

ఆయన అడగాల్సిందే అడిగారు. పై నుంచి ఆయన్ని అడుగుతారు. ఇరవై ఏళ్లుగా నేనిచ్చే జవాబే ఇచ్చాను.

"లేదండి. ప్రాణనష్టం లేదండి."

ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే నాగమణి గారు తలెత్తి చూశారు. కోపంగా కాదు. సరిగ్గా వినపడక మళ్లీ అడిగినట్టు అడిగారు.

"లేదా అండీ?"

నేను వంగి తాడు చుట్ట చుట్టడం మొదలుపెట్టాను. వీర్రాజు నిచ్చెన తీసుకుని బండి వైపు నడిచాడు.

మర్నాడు షెడ్డు కొమ్మ మీద తొందరలో వేసిన జాయింటు గట్టిగా వేసి రావాలి గనక మళ్లీ వెళ్లాను. షెడ్డు వెనక జేసీబీ గొయ్యి తవ్వుతోంది. కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి, లోతుగా పూడ్చి సున్నం చల్లాలని చెప్పి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడట. కానీ అది పల్లపు నేల. మనిషి నడుం లోతు దిగేసరికి నీళ్లు ఊరాయి. ఇంకోచోట తవ్వారు, అక్కడా నీళ్లే. చచ్చినవాటిని అందులో వేస్తే పైకి తేలుతున్నాయి. వాళ్లు తాగే బోరు ఆ పక్కనే. ఆ వెనక పంట కాలువ, కాలువ చివర ఊళ్లు, అన్నిటికీ చివర కొల్లేరు.

ఎండ ఎక్కింది. వాసన హైవే దాకా వెళ్లిందన్నారు. అప్పుడు ఒక వ్యాన్ వచ్చింది. దిగినవాడు వాసనకి ముక్కు కూడా మూసుకోలేదు.

"మొత్తం మేం ఎత్తేస్తామండీ. మీకే శ్రమా ఉండదు."

"ఎక్కడికండీ?" అన్నారు సూర్రావు గారు.

"చెరువులకి. చేపలకి ఉడకబెట్టి వేస్తారు."

అది చెయ్యకూడదని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. జరుగుతుందనీ అందరికీ తెలుసు. సూర్రావు గారు వద్దన్నారు. వ్యాన్‌వాడు పోలేదు. రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడన బండి పెట్టుకుని కూర్చున్నాడు. అతనికి అనుభవముంది.

నేను పని ముగించుకుని వచ్చేసరికి వ్యాన్ షెడ్డు లోపలికి వెళ్లింది. సూర్రావు గారు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. ఆయన్ని నేనేమీ అనుకోలేదు. పూడ్చడానికి నేల లేదు, కాల్చడానికి కట్టెలు చాలవు, ఊళ్లోవాళ్లు వాసనకి పోట్లాటకొస్తున్నారు. ఆయన చోట నేనుంటే ఏం చేసేవాణ్ణో తెలీదు.

నాగమణి గారు గడప మీద కూర్చుని ఉన్నారు.

"కోడి చేపలోకి వెళ్లిందండీ. చేప ఎవరి కంచంలోకి వెళ్తుందో మరి," అన్నారు.

మా ఇంట్లో ఆదివారం అంటే, మేం గుడి అని పిలిచే చర్చికి వెళ్లొచ్చి కోడికూర. చిన్నప్పటి సంగతి కాదు ఇది. మా చిన్నప్పుడు మాంసం క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ, ఎప్పుడైనా చుట్టం వస్తే పెరట్లో కోడి. జీతం వచ్చాక ప్రతి ఆదివారం అయింది, తర్వాత మధ్యలో బుధవారం కూడా. ఎప్పుడు పెరిగిందో మాకే తెలీదు. ఆ వారం దుకాణం ముందు వరసలో నిలబడ్డాను. బోనులో తెల్లకోళ్లు ఎండకి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నా ముందతను కిలో అడిగాడు. దుకాణంవాడు చెయ్యి లోపలికి పెట్టాడు. నేను వరసలోంచి పక్కకి వచ్చేశాను. బజారులో వంకాయలు కొనుక్కుని ఇంటికెళ్లాను.

మా ఆవిడ సుశీల సంచీలో చూసి, "ఏంటండీ, కొట్టు కట్టేశాడా?" అంది.

"లేదు. ఈ వారానికి వద్దనిపించింది."

ఆవిడకి షెడ్డు సంగతి చెప్పే ఉన్నాను. ఇంకేమీ అడక్కుండా వంకాయలు కోసింది. పిల్లలు కంచాల్లోకి చూసి మొహాలు మాడ్చుకున్నారు.

తర్వాత వారాల్లో అది బయట తెలిసింది. గుడిలో ఒక మిత్రుడు నవ్వుతూ, "ఏమండోయ్, పంతులుగారైపోయారా?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు గానీ నాకు గుచ్చుకుంది. కంచంలో ఏముందో చూసి మనిషిని కొలిచేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. మా నాయనమ్మ ఆ కొలతల వల్ల జీవితమంతా ఇళ్ల వెనక గుమ్మాల దగ్గర నిలబడింది. నేను మానింది ఆ వరసలో చేరడానికి కాదు. అసలు పూర్తిగా మానలేదు కూడా. మా అమ్మ నీరసంగా ఉంటే గుడ్డు పెట్టమన్నారు డాక్టరు గారు, పెడుతున్నాం. ఎవరైనా భోజనానికి పిలిచి వడ్డిస్తే విస్తరి ముందు నుంచి లేవను. ఆదివారం కూర నెలకోసారికి వచ్చింది, బుధవారం కూర పోయింది. అంతే. అంతకంటే గొప్పగా చెప్పుకునేదేం లేదు.

కరుణమ్మ గారు ఆ తర్వాత ఏడాదికి పైగా బతికారు. ఒకసారి వాళ్లింట్లో మెయిన్ స్విచ్ కాలిందంటే వెళ్లాను. పని అయ్యాక కూర్చోమన్నారు. ముక్కుకి గొట్టంతో, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ మాట్లాడారు.

"ఆ రోజు నాకు ముందిచ్చావట."

"ఏఈ గారు చెప్పారమ్మా. చెప్పకపోయినా అంతే చేసేవాళ్లం."

"నువ్వు చేసింది సరైందే, నాయనా. సూర్రావూ వచ్చి అదే మాటన్నాడు. పిచ్చివాడు, నా కాళ్లకి దండం పెట్టి వెళ్లాడు." ముక్కు దగ్గర గొట్టం సర్దుకున్నారు. "కానీ ఒకటి తోస్తుంది నాకు. వాటికీ నాకూ పోటీ పెట్టిందెవరు? నాకంటే జబ్బు. మిషన్ లేకపోతే ఊపిరాడదు. వాటికేం జబ్బు?"

ఆవిడ జవాబు కోసం అడగలేదు.

మరుసటి వేసవికి ముందు, లైన్ల మీదికి వచ్చిన కొమ్మలు కొట్టించడానికి షెడ్డు వైపు వెళ్లాను. సూర్రావు గారు షెడ్డు బాగుచేయించి మళ్లీ కోళ్లు దించారు. ఇప్పుడు జనరేటర్లు రెండు. పక్కన ఇంకో షెడ్డుకి పునాదులు తీశారు. గిరాకీ పెరుగుతోందట, కంపెనీవాళ్లు వెయ్యమన్నారట. నాగమణి గారు మాత్రం షెడ్డులోకి వెళ్లడం లేదు. ఏరడానికి వేరే మనుషుల్ని పెట్టుకున్నారు. ఆవిడ వరండాలో కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడుతున్నారు. నాకు మజ్జిగ ఇచ్చారు.

"మీరు కోడి తగ్గించేశారటగా అండీ?"

"ఎవరు చెప్పారండీ?"

"వీర్రాజు గారు చెప్పారు. నేనైతే ముట్టట్లేదు. చేపా ముట్టట్లేదు." సూది కింద గుడ్డ సర్దుకుంటూ అన్నారు. "మా అమ్మా పెంచేదండీ కోళ్లు. పొద్దున్నే గంప ఎత్తితే అవే పోయి తినేవి, చీకటి పడితే అవే వచ్చేవి. కరెంటు పోయినా వాటికి తెలిసేది కాదు."

నేను మజ్జిగ తాగాను.

"మీరొక్కరు తగ్గిస్తే షెడ్డు మూతపడుద్దా అండీ?" అని అడిగారు. ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు.

"పడదండి," అన్నాను. అదే నిజం. తర్వాత నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాను. ఏటా ఎండాకాలంలో ఏదో ఒక వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. వెళ్లి అడిగితే ఎవరూ తప్పు చేసి ఉండరు. ఒక్కో ఇంట్లో ఒక్కో ఏసీ పెట్టుకున్నారు, అంతే. ఎవరికి వాళ్లది చిన్న లోడే. అలా కాల్చింది అందరూ అయినప్పుడు, ఆ లోడు దించడం కూడా ఎవరి ఇంట్లో వాళ్లు దించుకోవడమే. ఒక్క ఇల్లు దించితే ఏమీ తెలీదు. అలాగని ఇంకో దారీ లేదు.

ఆవిడ దారం తెంపి, జాకెట్టు మడతపెట్టారు.

"వినడానికి బాగానే ఉందండీ. మా ఆయనకి మాత్రం చెప్పకండి. రెండో షెడ్డు వేస్తున్నారు పాపం."

ఇద్దరం నవ్వబోయి నవ్వలేకపోయాం.

ఆ వేసవిలోనూ గాలి వచ్చింది. ఈసారి తెగింది షెడ్డు కొమ్మ ఒక్కటే. జనరేటర్లు ఆడాయి, మేమూ ఆలస్యం చెయ్యలేదు. పని అయ్యాక సూర్రావు గారు ఫోన్ చేసి, "ఒక్కటి కూడా పోలేదండీ!" అన్నారు, ఏడుపు గొంతుతో. వీర్రాజు బండి మీద వెనక కూర్చుని నా భుజం తట్టాడు. "కాపాడాం గురువు గారూ," అన్నాడు. నాకూ ఆ రాత్రి చాన్నాళ్లకి హాయిగా నిద్రపట్టింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే డ్యూటీ మీద వెళ్తూ రైల్వే గేటు దగ్గర ఆగాను. గేటు వేసి ఉంది. నా ముందు లారీ, దాన్నిండా ప్లాస్టిక్ పెట్టెలు, పెట్టెల్లో కోళ్లు. సూర్రావు గారి ఊరి దారి నుంచే వచ్చింది. ఆ రోజు మేం కాపాడినవే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఎండ మండుతోంది. లారీ కదులుతున్నంతసేపూ గాలి తగిలేది, ఇప్పుడు ఆగింది. పక్క పెట్టెలోంచి ఒకటి తల బయటికి పెట్టి నోరు తెరిచి నావైపు చూసింది. ఆ చూపులో నింద ఏమీ లేదు. కోడికి నిందించడం రాదు. దానికి గాలి కావాలి, అంతే.

ఉద్యోగంలో ఇన్నేళ్లూ నేను నేర్చుకున్నది, తెగినదాన్ని కలపడం. ఎవరి ఇంట్లో దీపం వెలిగినా అది మంచి పనే అనుకుంటూ వచ్చాను. నేను కలిపిన తీగ చివర ఏముందో, అది దేనికోసం ఉందో అడగడం నా పనిలో భాగం కాదు. ఇప్పటికీ కాదు. తీగ తెగితే రేపైనా వెళ్లి కలుపుతాను. కానీ ఆ తీగ అవసరం అంతంత పెంచింది మా ఇంటి కంచమేనని తెలిశాక, కలపడం ఒక్కటే చేసి ఊరుకోలేకపోయాను. తగ్గించగలిగింది తగ్గించాను. అది చాలదని తెలుసు.

రైలు వెళ్లిపోయింది. గేటు లేచింది. లారీ ముందుకి కదలగానే పెట్టెల్లో ఈకలు గాలికి కొంచెం రేగాయి, తెరిచిన నోళ్లు కొన్ని మూసుకున్నాయి. హైవే ఎక్కాక దాన్ని దాటి వెళ్లడానికి దారి ఉంది. నేను దాటలేదు.